ఎదురు కుర్చీ

చరిత ఫోన్ పోయిన రోజు కెనడాలోని ఒషావాలో పొద్దుటి నుంచీ మంచు.

బస్సు దిగి చూసుకుంటే కోటు జేబులో లేదు. వెనక్కి పరుగెత్తేసరికి బస్సు మలుపు తిరిగింది. డిపోలో అడిగింది, కాలేజీలో అడిగింది. దొరకలేదు.

"పోనీలేవే, కొత్తది తీసుకుందువుగాని" అంది రూమ్మేట్ మధుమిత.

"ఫోన్ సంగతి కాదే. అమ్మ పాట అందులోనే ఉంది."

చరిత తల్లి జగిత్యాల దగ్గర ఊళ్ళో బీడీలు చుట్టేది. చుడుతూ తనే పాటలు కట్టి పాడేది. కెనడాకు బయలుదేరే ముందు వాటిలో ఒకటి చరిత రికార్డు చేసుకుంది. ఇంకెవరికీ పంపలేదు. పోయిన వానాకాలంలో తల్లి కన్నుమూసింది. స్టడీ పర్మిట్ చేతికి రాక, వెళ్తే మళ్ళీ రానివ్వరని చరిత వెళ్ళలేకపోయింది. అప్పటి నుంచి వంట చేస్తున్నంతసేపూ ఆ పాటే పెట్టుకునేది.

విన్నన్నాళ్ళూ అంతా వచ్చుననే అనుకుంది. ఇప్పుడు పాడబోతే మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది.

వాళ్ళుండేది వీరభద్రం గారి ఇంటి బేస్‌మెంట్‌లో. ఆ ఏడు ఆ ఊళ్ళో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన పిల్లలే తీసేవారు. పై వాటాలో ఎడ్నా అనే ముసలావిడ. అమెరికాలోని అపలాచియా కొండల నుంచి ఎప్పుడో వచ్చిందట. ఒళ్ళో బాంజో అనే తీగల వాద్యం పెట్టుకుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా ఆ కొండపాటలు పాడేది. హీటర్ గాలి వచ్చే జాలీలోంచి ఆ గొంతు కిందికి దిగేది.

"ఈవిడ పాటల్లో ఒక్క అమ్మాయీ బతకదే. అందర్నీ తీసుకెళ్ళి నదిలోకి తోసేస్తారు" అనేది మధుమిత.

"నీకు ఈతొచ్చు కదా, నీకేం భయం?" అనేది చరిత.

ఫోన్ పోయిన కొన్నాళ్ళకు ఎడ్నా మెట్ల దగ్గర చరితను ఆపింది.

"నీదొకటి నా దగ్గర ఉంది."

చరిత ముఖం వెలిగింది. "నా ఫోనా?"

"ఫోన్ కాదు. లోపలికి రా."

గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. మధ్య జానెడు సందు కూడా లేదు.

"కూర్చో. నీ మోకాళ్ళు నా మోకాళ్ళకు తగలాలి. నా నోటినే చూస్తుండు."

"ఎందుకు?"

"అలా అయితేనే ఇవ్వగలను."

ఎడ్నా ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి. కళ్ళు మూసుకుని, లోపలెక్కడో వెతుక్కుంటున్నట్టు పెదవులు కదిలించింది.

చరిత చెయ్యి లాక్కుంది. "షిఫ్టుకు టైమైంది."

"రేపు రా" అంది వెనక నుంచి ఎడ్నా. "మరీ ఆలస్యం చెయ్యకు."

చరిత వెళ్ళలేదు.

"ఏ మంత్రమో వేసి నిన్ను బాంజోలో దాచేస్తుందేమో!" అంది మధుమిత.

"నవ్వకే. నిజంగా భయమైతాంది."

ఆదివారం మధ్యాహ్నం చరిత బియ్యం కడుగుతోంది. మధుమిత ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండానే అడిగింది.

"ఫోన్ దొరికిందా? చెప్పనే లేదేం?"

"యాడ దొరికింది?"

"మరి ఆ పాట?"

చరిత కుళాయి కట్టేసింది.

జాలీలోంచి వెచ్చటి గాలితో పాటు తల్లి పాట వస్తోంది.

తెలుగు మాటలే. కొన్ని వంకరపోతున్నాయి, రాగం మాత్రం తల్లిదే. బీడీకి చుట్టిన దారం తెంపడానికి తల్లి ఎక్కడ ఆగేదో, ఆ గొంతూ అక్కడే ఆగింది. ఆకు దుమ్ముకు వచ్చే ఆ చిన్న దగ్గు కూడా అక్కడే దగ్గింది.

"మా అమ్మ..." అంది చరిత. "మా అమ్మ ఆమె మీదికొచ్చిందే."

రెండో చరణం మొదలవుతుండగా ఇద్దరూ కోట్లు తగిలించుకుని బయటపడ్డారు.

ఆ వారంలోనే ఇల్లు మారారు.

"పాపం, ఆవిడ మంచిదమ్మా" అన్నారు వీరభద్రం గారు.

"మంచిదే కావచ్చు అంకుల్. మాకు మాత్రం వద్దు" అంది చరిత.

మంచు కరిగాక, వదిలేసిన గిన్నెలు తెచ్చుకుందామని చరిత ఒక్కతే వెళ్ళింది. పై వాటా తలుపు బార్లా తీసి ఉంది. నడివయసు ఆవిడ ఒకరు సామాను సర్దుతున్నారు. ఎడ్నా చనిపోయిందనీ, తాను మేనకోడలిననీ చెప్పారు.

"కింద ఉన్న అమ్మాయివి నువ్వేనా? నీకోసం చాలా చూసింది."

"నా కోసమా? ఎందుకు?"

"మా ఇంట్లో పాటలు రాసుకోరు, రికార్డు చేసుకోరు. పాడేవాళ్ళ మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని నేర్చుకుంటారు. సొంతంగా పాటలు కట్టుకుని ఊరూరా పాడే ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అత్త ఎదుట కూర్చునేవారు. విన్నది విన్నట్టు పట్టేసేది, దగ్గుతో సహా."

చరిత గోడకు ఆనుకుంది.

"కింద నుంచి రోజూ ఒక పాట వినిపించేదట. ఒకరోజు అది ఆగిపోయి ఏడుపు వినిపించిందట. 'ఆ పిల్ల పాట పోగొట్టుకుంది, నా దగ్గరుంది, ఇచ్చెయ్యాలి' అనేది. అప్పగించేలోపు మరిచిపోతానేమోనని రోజూ పాడుకునేది."

"మీకు వచ్చా ఆ పాట?"

"లేదమ్మా. చిన్నప్పటి నుంచీ నాకూ ఆమెంటే భయం."

మేనకోడలు ఒక కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచారు.

చరిత ఆ ఖాళీ గదిలో మొదటి చరణం పాడింది. ఆగింది. రెండో చరణం రాలేదు.

అమ్మ పాట చివరిదాకా తెలిసిన ఆఖరి మనిషి ఎడ్నాయే, ఆమె ఎదుట చరిత కూర్చోలేదు.