కుట్టకుండా వదిలిన జాగా

పెళ్ళికొడుకు తల్లి ఓయ్‌నిసా కళ్ళజోడు తుడుచుకుని, మా చిన్నమ్మాయి పెళ్ళికని మేం గోడకు తగిలించిన సుజానీ కుట్టుపని తెరలో తన ఇంటికోసం వెతకసాగింది. ఈవిడ అలిగి లేచిందంటే సంబంధం చెడినట్టే.

మనవరాలు మహ్లియో డ్రోను ఎగరేసి తీసిన ఫోటో చూసి, మా ఊరు ఆకాశంలోంచి ఎలా ఉంటుందో అలాగే ఎనిమిది నెలలు కూర్చుని కుట్టాను. పత్తిచేలకు గొలుసు కుట్టు, కాలువకు నీలం పట్టు.

"గాడిదల కొట్టం కూడా కుట్టారు. మా ఇల్లేది వదినా? ఇక్కడ ఉత్త గుడ్డే ఉందే!"

"ఆనవాయితీ కదా వదినా! మొత్తం కుట్టేస్తే శుభకార్యాలు అక్కడితో ఆగిపోతాయని కాస్త వదిలేస్తాం."

"వదిలితే గాడిదల్ని వదలాలి గాని, మమ్మల్నా?"

"గాడిదలకు పెళ్ళిళ్ళేముంటాయి? మీకింకా ఇద్దరు కొడుకులున్నారాయె."

ఆవిడ మొహం విచ్చుకుంది. "ఎంత ముందుచూపు వదినా! పెళ్ళిలో ఆ ఫోటో కూడా పక్కనే పెట్టించండి. మా ఇల్లెక్కడో అందరికీ తెలియాలి."

"ఆ ఫోటో ఉన్న ఫోను కాలువలో పడిపోయింది" అన్నాను. అల్లా నన్ను క్షమించాలి.

మా ఊళ్ళో మరుగుదొడ్లకు గోడలే గాని కప్పులుండవు, పైనుంచి చూసేదెవరని. ఫోటోలో ఓయ్‌నిసా పెరట్లో గుండ్రంగా, నున్నగా కనిపించినదాన్ని దానిమ్మపండనుకుని, మంచి ఎర్ర పట్టు వెతికి మరీ నిండుగా కుట్టాను. అది పండు కాదు, పనిమీద కూర్చున్న వదినేనని మహ్లియో పడీ పడీ నవ్వుతూ చెప్పాక, ఇంటితో సహా అక్కడంతా విప్పేశాను.

మళ్ళీ అక్కడ సూది గుచ్చడానికి మటుకు చెయ్యి రాలేదు.