లూషా అయితేనా!

"లూషా అయితే ఈపాటికి ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకుని టీ తాగుతుండేది. నువ్వింకా గబ్బిలంలా వేలాడుతూనే ఉన్నావు."

నోనా అర్కాద్యెవ్నా గొంతు పెంచలేదు. ఆ కోచ్ ఎప్పుడూ గొంతు పెంచదు. మాటని సన్నగా చెక్కి, ఎక్కడ దిగాలో అక్కడ దింపుతుంది.

లుకెర్యా పై బార్ వదిలేసి కింది పరుపు మీదికి దూకింది. అరచేతిలో బొబ్బ చితికి తోలు పట్టీ తడిసింది. పళ్ళు బిగించి మళ్ళీ తెల్లపొడి అద్దుకుంది.

పెన్జాలోని ఆ జిమ్నాస్టిక్స్ హాల్లో లూషా పేరు వినబడని పూట లేదు. పదహారేళ్ళకే యూరప్ చేత చప్పట్లు కొట్టించుకున్న పిల్ల. రెండు బార్ల మధ్య పిచ్చుకలా ఎగిరేది. పై బార్ వదిలి, గాల్లో పల్టీ కొట్టి, వెనక్కి చూడకుండానే దాన్ని మళ్ళీ అందుకునేది.

లుకెర్యాకి ఆ పిల్లంటే ఒళ్ళుమంట.

ఉండదూ మరి! ఏడేళ్ళ కిందట, పెద్దవాళ్ళు వద్దంటున్నా వినకుండా, చప్పట్ల మీద మోజుతో ఆ పిల్ల ఫ్లోర్ మీద చేసిన మొండిపనికి లుకెర్యా మడమ నరం తెగింది. రెండు ఆపరేషన్లు. పరుగు పోయింది. పరిగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగిరే వాల్ట్ పోయింది. కాళ్ళతో అంతగా పనిలేని బార్లొక్కటే మిగిలాయి.

లోకం మాత్రం ఆ పిల్ల కోసమే ఏడ్చింది. "అయ్యో, లూషాని ఇక చూడలేమా!" అని టీవీలో ఒకటే గోల. ఆస్పత్రి మంచం మీద లుకెర్యా ముఖం గోడవైపు తిప్పుకుంది.

"జరుగు బామ్మా, నా వంతు."

ఆ మాటన్నది ఉల్యానా. జట్టులోకి కొత్తగా వచ్చిన పదహారేళ్ళ పిల్ల.

"బామ్మ ఇరవై నాలుగేళ్ళకే అయిపోతారా?" అంది లుకెర్యా.

"ఈ హాల్లో అయిపోతారు. నేను లూషా వీడియోలు చూసి పెరిగాను. నిన్ను చూసి కాదు."

"తలపొగరు కూడా ఆ వీడియోల్లోనే నేర్చుకున్నావా?"

ఉల్యానా నవ్వి బార్ అందుకుంది. అచ్చం లూషా పల్టీయే. నోనా అర్కాద్యెవ్నా కళ్ళు మెరిశాయి. లుకెర్యా ఆ మెరుపు చూడనట్టు తల తిప్పుకుని తోలు పట్టీ బిగించుకుంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో లుకెర్యా కోచ్ ఎదురుగా కూర్చుని, గంజి గిన్నె పక్కకి నెట్టేసింది.

"రష్యా కప్‌లో నేను లూషా పల్టీ చేయను."

"తీసేసి?"

"నాది పెడతాను."

"నీదా? నీదంటూ ఏముంది, నీ బరువు తప్ప?"

"అవును, నా బరువే. బరువుంటే ఊపు పెద్దదవుతుంది. ఆ ఊపుతో బార్ మీంచి ఇంకా ఎత్తుకి పోతాను. ఆ పిల్లకి ఒంట్లో ఎముకలు తప్ప ఏమున్నాయి? ఇది తన వల్ల అయ్యేదా?"

"లూషాని ఒక్క మాటన్నా ఊరుకోను."

"మీరు రోజూ నన్నంటుంటే నేను ఊరుకోవడం లేదా?"

నోనా అర్కాద్యెవ్నా టీ గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది. "సరే, నీ ఇష్టం. పడితే మాత్రం నా దగ్గరికొచ్చి ఏడవకు."

ఆ తర్వాత కప్ దాకా ఆమె లుకెర్యాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

కజాన్‌లో పోటీ. హాలు కిక్కిరిసింది. లుకెర్యా పేరు పిలవగానే పై వరసలోంచి ఒక లావుపాటాయన అరిచాడు.

"ఎక్కడ లూషా, ఎక్కడ ఈ బంగాళాదుంపల బస్తా!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

అప్పటికే ఉల్యానా వంతు అయిపోయింది. లూషా పల్టీ దగ్గర ఆమె వేళ్ళు జారాయి. వెల్లకిలా పడి, లేచి పూర్తి చేసి, తువ్వాల్లో ముఖం దాచుకుని కూర్చుంది. లుకెర్యాకి జాలి వేయలేదు. తగిన శాస్తే అనుకుంది.

నోనా అర్కాద్యెవ్నా పట్టు జారకుండా బార్‌కి తేనె రాసి, దాని మీద తెల్లపొడి మెత్తి, లుకెర్యా వైపు చూడకుండానే అంది. "వెళ్ళు."

లుకెర్యా ఎగిరి బార్ పట్టుకుంది. పిచ్చుకలా కాదు. పెద్ద గంట ఊగినట్టు ఊగింది. ఆ బరువుకి బార్ వంగింది, వంగినంతా తిరిగిచ్చింది. ఆమె వదిలేసింది. ఎవరూ ఎప్పుడూ పోనంత ఎత్తుకి పోయింది. నవ్వులు టక్కున ఆగిపోయాయి. కిందికి వస్తూ బార్‌ని రెండు చేతులా పీక పట్టుకున్నట్టు పట్టుకుంది. చివరికి నేల మీద దిగినప్పుడు మడమ భగ్గుమంది. కదల్లేదు. నిలబడింది.

బోర్డు మీద స్కోరు వెలిగింది. రష్యా కప్‌లో లూషా స్కోరుని అంతవరకూ ఎవరూ దాటలేదు. లుకెర్యా దాటింది.

లావుపాటాయన లేచి చప్పట్లు కొడుతున్నాడు. ఆమె అతని వైపు అసహ్యంగా చూసి తల తిప్పుకుంది.

ఒక విలేఖరి మైకు పెట్టాడు. "లూషాని మించిపోయారు! ఏమనిపిస్తోంది?"

"పీడ విరగడైంది," అంది లుకెర్యా.

అతను బిత్తరపోయి మైకు వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడొచ్చింది నోనా అర్కాద్యెవ్నా. తన కోటు విప్పి లుకెర్యా భుజాల చుట్టూ కప్పింది.

మడమ నరం తెగిన నాటినుంచీ ఒక్కసారైనా లుకెర్యా ముఖం చూసి పిలవని ఆమె చిన్ననాటి ముద్దుపేరుతో, ఆ కోచ్ మెల్లగా పిలిచింది, "దా, లూషా, ఇంటికి పోదాం."