మేడ మీద ఏడుగురు

"బాబూ, రేపటి 'చరిత్రలో ఈ రోజు'లో నాదొక విషయం వేస్తావా?"

సబ్ ఎడిటర్ తలెత్తి చూశాడు.

పదేళ్లుగా ఆ శీర్షిక అతనిదే. ఆఫీసులో అందరూ అతన్ని 'క్యాలెండర్' అనే పిలుస్తారు. ఏ తేదీ చెప్పినా, ఆ రోజున ఏ రాజు పోయాడో, ఏ యుద్ధం మొదలైందో గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు.

ఎదురుగా యాభై దాటిన ఒకావిడ. భుజానికి ప్రయాణపు సంచి.

"ఏం విషయమమ్మా?"

"ముప్పై ఏళ్ల కిందట, రేపటి తేదీనే, వరదొచ్చి ఈ ఊరు మునిగింది కదా. ఆ ఒక్క రోజులో పోస్టాఫీసు మేడ మీద ఏడుగురు పిల్లలు పుట్టారు."

"వరద సంగతి వేశానమ్మా. ఇదిగో చూడండి."

ఆవిడ ప్రూఫు కాగితం అందుకుని చదివింది.

"వంతెన కొట్టుకుపోయిందని రాశావు. పిల్లలు పుట్టారని రాయలేదే?"

"అది చరిత్ర కాదమ్మా, వార్త. అదీ ముప్పై ఏళ్ల పాత వార్త."

"పాతబడితే చరిత్ర అయిపోదా బాబూ?"

పక్క బల్ల దగ్గర ప్రూఫ్ రీడర్ కిసుక్కున నవ్వాడు. క్యాలెండర్‌కి ఒళ్లు మండింది.

"జననాల కింద గొప్పవాళ్ల పేర్లే వేస్తాం. వీళ్లెవరో ఎవరికి తెలుసు?"

"వాళ్ల అమ్మలకి తెలుసు." ఆవిడ నవ్వింది. "రేపు పొద్దున్నే మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. దానికి నెలలు నిండాయి. ఫోన్ చేస్తే చాలు, భయమేస్తోందమ్మా అంటోంది. నేను చెబితే చాదస్తం అంటుంది. పేపర్లో పడితే నమ్ముతుంది."

అని, బల్ల మీద చీటీ ముక్క తీసుకుని ఎడమచేత్తో గబగబా రెండు వాక్యాలు రాసిచ్చింది.

అతను చదివి కనుబొమ్మలు ముడిచాడు.

"పురుళ్లు పోసిందెవరో రాయలేదేం?"

"ఎవరో, ఆ పూటకి అక్కడున్నవాళ్లు. అదెందుకులే. పిల్లల సంగతి రాయి, చాలు."

"సరే, చూస్తాను."

చూస్తానంటే వెయ్యనని అర్థం. ఆవిడకది తెలియక, దణ్ణం పెట్టి మరీ వెళ్లిపోయింది.

సాయంత్రం ఒక రాజుగారి తేదీ తప్పని తేలింది. ఆయన్ని తీసేస్తే పేజీలో సరిగ్గా రెండు వాక్యాల జాగా మిగిలింది. ఇంకేదీ చేతికి తగల్లేదు. క్యాలెండర్ విసుక్కుంటూనే చీటీ ఎక్కించాడు.

మర్నాడు అతను కుర్చీలో కూర్చోకముందే ఫోన్ మోగింది.

"ఆ ఏడుగురిలో నేను నాలుగోవాణ్ణండీ! బస్సు డ్రైవర్ని. పోస్టాఫీసులో పుట్టానంటే మా ఆవిడ ఇన్నాళ్లూ నమ్మలేదు."

పెట్టేశాడో లేదో మళ్లీ మోగింది.

"నేను ఆరోదాన్ని. స్కూల్లో లెక్కలు చెబుతాను. మిగతావాళ్ల అడ్రసులున్నాయా సార్?"

మధ్యాహ్నానికి ఆరుగురు ఆఫీసులోనే తేలారు. ఐదోవాడు బేకరీ నడుపుతాడు, వస్తూ వస్తూ బల్లంత కేకు మోయించుకొచ్చాడు. వెనకాలే తల్లులు. ఒకరినొకరు ఎగాదిగా చూసుకుని, గుర్తుపట్టి, వాటేసుకుని ఒకటే గోల.

"నొప్పులు పడుతూ నా చెయ్యి కొరికింది నువ్వే కదూ?"

"నువ్వు నా జుట్టు పీకలేదా ఏం? దానికీ దానికీ చెల్లు!"

ఎడిటరమ్మ గదిలోంచి బయటికొచ్చింది. అరవొద్దని చెబుదామని వచ్చి, తనే కేకు ముక్క పుచ్చుకుని నిలబడిపోయింది.

"ఏమయ్యా క్యాలెండర్, పదేళ్లలో నీ శీర్షికకి ఒక్క ఉత్తరం వచ్చిందా? ఇవాళ చూడు! ఇంతకీ ఈ వార్త ఎవరిచ్చారు?"

అతను డ్రాయర్లోంచి చీటీ తీశాడు.

"ఎవరో ఒకావిడ, మేడమ్. ఇక్కడే నిలబడి, ఎడమచేత్తో..."

తల్లులందరూ ఒక్కసారిగా అతని వైపు తిరిగారు.

"ఎడమచెయ్యా?" అంది డ్రైవర్ తల్లి. "మా పిల్లల బొడ్లు కోసిన మనిషిది ఎడమచెయ్యే! పార్సిల్ దారం మరగబెట్టి, ముడులన్నీ ఎడమచేత్తోనే వేసింది. వరద తగ్గి పడవలు రాగానే ఎటో వెళ్లిపోయింది. ఎంత వెతికామో! ఏదయ్యా ఆవిడ?"

క్యాలెండర్ గోడ గడియారం వైపు చూశాడు.

"పొద్దున బస్సుకే వెళ్లిపోయుంటారు."

"ఏ ఊరికి?"

"అడగలేదు."

"పేరు?"

అదీ అడగలేదు. వెయ్యేళ్ల కిందటి రాజుల తాతల పేర్లు తెలిసిన మనిషి తల దించుకున్నాడు.

అంతలోనే అతనికో ఆలోచన తట్టింది.

"దొరుకుతారు మేడమ్! ఆసుపత్రికి వెళ్తాను. ఆ ఏడాది పనిచేసిన నర్సుల జాబితా ఉంటుంది కదా!"

మూలన కుర్చీలో కూర్చున్న పెద్దావిడ పకపకా నవ్వింది. రెండో బిడ్డ తల్లి ఆవిడ. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నర్సని ఎవరన్నారు నాయనా? అక్కడ నర్సూ లేదు, డాక్టరూ లేడు. గది బయట పోస్టుమాస్టరు ఒక్కడే గడగడ వణుకుతున్నాడు. నాలాగే నొప్పులతో నిచ్చెనెక్కి వచ్చిన పాతికేళ్ల పిల్ల ఆవిడ. నా కళ్లముందే కన్నది. కాసేపు కళ్లు మూసుకుని, బిడ్డని ఉత్తరాల బుట్టలో పడుకోబెట్టి లేచి, 'ఎలాగో నాకిప్పుడే తెలిసింది, భయపడకండక్కా, నేను చెబుతాను' అంటూ నా పక్కకొచ్చి కూర్చుంది."