నకలు మేలుకున్న రాత్రి

ఆ రాత్రి వేలూరు డేటా సెంటర్‌లో కోకిల ఒక్కతే ఉంది. అక్కడి మెషీన్లన్నిటికీ నకళ్లు గుడియాత్తం సెంటర్‌లో నిద్రపోతుంటాయి. ఆ నకళ్లు తీసే సాఫ్ట్‌వేర్‌ను ఇవాళ కొత్తదానికి మార్చాలి. ఊరు పడుకున్నాక తప్ప ఆ పనికి వీలు చిక్కదు. ఒక్కటే జాగ్రత్త. అసలూ నకలూ ఒకేసారి మేలుకోకూడదు. మేలుకుంటే నకలును వెంటనే ఆపేయాలి.

ఏసీ చలికి నాయన నేసిన దుప్పటి కప్పుకుని, మగ్గం మీద పాత పడుగుకు కొత్త పోగులు అతికే ఆయన ఓపికతోనే, కోకిల ఒక్కొక్క మెషీనే మారుస్తోంది.

రెండు గంటలకు తెర మీద ఒక నకలు మేలుకున్నట్టు కనిపించింది. దాన్ని ఆమె ముట్టుకోనే లేదు. గుడియాత్తంలో కావలి ఉన్న భూపతికి ఫోన్ చేసింది.

"భూపతన్నా, ఆడ మెషీన్లు ఎవురన్నా ముట్టుకున్నారా?"

"నువ్వు యాడనుంచి మాట్లాడతా ఉండావమ్మా?" అతను గొంతు తగ్గించాడు. "ఈడ నా ఎదురుగానే కూర్చోనుండావు గదా, మీ నాయన నేసిన దుప్పటి కప్పుకోని."

కోకిల భుజం తడుముకుంది. దుప్పటి ఉంది. నకలును ఆపే మీట మీద వేలు పెట్టింది గానీ, నొక్కడానికి మనసు రాలేదు. అక్కడ కూర్చున్న ఆ మనిషి మీద జాలేసింది.

"ఏమంటా ఉండాదన్నా ఆ పిల్ల?"

భూపతి ఎదురుగా ఉన్నామెను అడిగి చెప్పాడు.

"వేలూరులో ఉండేదే నకలంట. ఏడస్తా ఉండాదమ్మా. పాపం, దానికి నొప్పి తెలీకుండా ఆపాల అంటా ఉండాది."

కోకిల వెనక, చివరి వరస నుంచి, మెషీన్ల హోరు ఒక్కొక్కటిగా ఆగిపోసాగింది. ఎంతో ఓపికగా, పోగు తెగకుండా.