శుక్రవారం ఫోల్డరు

“డిస్కు తగిలించారా మాస్టారూ?”

ఫోన్లో అవతలివాడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. అందరూ వాణ్ని కత్తెర అంటారు.

“తగిలించాను. నీలం లైటు వెలుగుతోంది.”

“ముందు ఫార్మాట్ కొట్టండి. తర్వాత వీడియోలన్నీ అందులోకి లాగేయండి. అంత బరువు లాప్‌టాప్ మీద పెడితే పాపం అది ఆయాసంతో చస్తుంది.”

లెక్కల మాస్టారు కెమెరా కార్డులోంచి ఒక్కొక్కటే లాగాడు. అన్నింట్లోనూ భార్యే. మేడమీద బట్టలారేస్తూ. నిద్రమొహంతో జడ ముడేసుకుంటూ. “చాల్లెండి, ఆపండి” అని కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టి నవ్వుతూ.

ఇంట్లో చడీచప్పుడు లేదు. గుమ్మం పక్కన ఆమె చెప్పుల చోటు ఖాళీగా ఉంది.

“ఫోల్డరుకో పేరు పెట్టండి. మేమైతే ఫంక్షను ఏ రోజో ఆ రోజు పేరే పెడతాం.”

మాస్టారు ‘శుక్రవారం’ అని కొట్టాడు.

“ఇంతకీ ఏంటి కథ? పెళ్లిరోజుకి అక్కయ్యగారికి సర్‌ప్రైజా?”

మాస్టారు ఆ మాట దాటేశాడు.

“ఒకటి చెప్పు. లాప్‌టాప్‌లో ఇక ఏమీ మిగలదుగా?”

“అక్కడే అందరూ బోల్తా పడేది! వీడియోలు డిస్కులో ఉన్నా, పని చేసేటప్పుడు సాఫ్ట్‌వేరు చాటుగా నకళ్లు తీసి లాప్‌టాప్‌లో దాస్తుంది. క్యాష్ అంటారు. సెట్టింగుల్లోకెళ్లి దాన్ని కూడా డిస్కుకే మళ్లించండి.”

మాస్టారు వెంటనే సెట్టింగులు తెరిచాడు. అడక్కపోతే కొంప మునిగేది. మళ్లించి, సరిచూసుకున్నాడు.

“ఇంత జాగ్రత్తేంటండీ బాబూ, బ్యాంకు దోచారా?” కత్తెర పకపకా నవ్వాడు.

మాస్టారూ నవ్వేసి ఫోను పెట్టేశాడు. మైకు దగ్గరికి లాక్కున్నాడు.

“నా భార్య కనబడటం లేదు. శుక్రవారం పొద్దున్నే వాకింగుకని వెళ్లింది. తిరిగి రాలేదు. ఎవరికైనా కనబడితే చెప్పండి, మీకు దణ్ణం పెడతాను.”

బాగా రాలేదు. మళ్లీ చెప్పాడు. మళ్లీ. చివరికోసారి ‘దణ్ణం’ దగ్గర గొంతు బొంగురుపోయి మాట తెగిపోయింది.

అది ఉంచాడు.

చూసినవాళ్లు కంటతడి పెట్టాలి. పెట్టకపోతే ప్రమాదం. ఆడమనిషి మాయమైతే ఎవరైనా ముందు వేలు చూపేది మొగుడివైపే. ఆ తర్వాత బావమరిది ఒక్కడు చాలు, పోలీసుల చేత ఇల్లంతా తవ్విపోయించడానికి.

నవ్వుతున్న భార్య ముఖం కింద తన ఫోను నంబరు వేశాడు. ఆ ముఖం మెల్లగా నలుపులోకి కరిగిపోయేలా చేశాడు. చూస్తుంటే అతడికే కళ్లు చెమర్చాయి.

డిస్కును ఎజెక్ట్ కొట్టి తీశాడు. లాప్‌టాప్ అంతా గాలించాడు. ఎక్కడా ఆమె ఆనవాలు లేదు.

డిస్కును సొరుగులో పెట్టి తాళం వేస్తుండగా వీధి తలుపు చప్పుడైంది.

“అబ్బ, బుధవారం సంతలో ఏం ఎండండీ బాబూ, కాసిని మంచినీళ్లివ్వండి,” అంటూ కూరల సంచీతో లోపలికొచ్చింది భార్య.