డిలీటైన ప్లేలిస్టు

మా ముగ్గురికీ పాటల యాప్‌లో ఒకటే అకౌంటు. తన డీజే పాటలకు అడ్డమొస్తోందని తమ్ముడు తిమోతి తన భార్య ఏంజెల్ ఏరికోరి పెట్టుకున్న కీర్తనల ప్లేలిస్టును డిలీట్ చేశాడు. ఆమె బ్యాగు సర్దుకుని బోథ్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది.

“లిస్టు మళ్ళ పెట్టెదాంక రాను వదినె,” అంది ఫోనులో.

“నేనెందుకు పెట్టాలె? ఆమెనే రానీ,” అన్నాడు వీడు.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి తిమోతి గంతులేస్తున్నాడు. “అక్కా! ఏంజెల్ మళ్ళ లిస్టు పెట్టింది. చివర్ల నా డీజే పాట గూడ పెట్టింది! కోపం పోయింది. పోయి తోల్కొస్త.”

సాయంత్రం ఇద్దరూ నవ్వుకుంటూ వచ్చారు. చాయ్ తాగుతుండగా ఏంజెల్ అంది: “ఎంతైనా నువ్వే దిగొచ్చినవ్. లిస్టు మళ్ళ పెట్టినవ్.”

“నేను పెట్టుడేంది? నువ్వే గదా!”

“నేనా? అండ్ల నీ డీజే పాట జూసే గదా, నువ్వనుకున్న!”

ఇద్దరూ మెల్లగా నా వైపు తిరిగారు.

నేను చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను. మా ఇంట్లో ప్రార్థనలో ఉన్నవాళ్ళను ఎవరూ ఏమీ అడగరు.

ఆ రోజు ఆమెన్ అనడానికి నాకు చాలాసేపు పట్టింది.