తలనొప్పి రాని సీసా

తలనొప్పి రాని రెడ్ వైన్ ఏదైనా ఉంటే ఇవ్వమని యామిని అడిగింది.

కౌంటర్ వెనక నవీన్ నవ్వాపుకున్నాడు. వనపర్తిలోని ఆ వైన్స్‌లో ఉన్నవే రెండు రకాలు. తియ్యగా ఉండేది తల పట్టేస్తుందని, వగరుగా ఉండేది తీసుకెళ్లమని సలహా ఇచ్చాడు.

"పోయినసారి గదే తీస్కపోయిన," అంది యామిని నీరసంగా. "అయినా నొస్తనే ఉంది."

గద్వాలలో మగ్గాల ఇంట పుట్టిన పిల్ల. ఇక్కడ బ్యాంకులో ఉద్యోగం, అద్దె గదిలో ఒంటరి బతుకు. సాయంత్రానికి ఒంట్లో ఓపిక మిగిలేది కాదు. నిద్ర కోసం అరగ్లాసు వైన్ అలవాటు చేసుకుంది. పొద్దున లేస్తే తల పగిలిపోయేది. సీసా మార్చింది. కడుపు నిండా తిన్నాకే తాగింది. పక్కన నీళ్లు పెట్టుకుని తాగింది. నొప్పి మాత్రం పోలేదు.

పక్కనుంచి ఎవరో "బిడ్డా" అన్నారు.

ఆ ముసలాయనను ఆమె ఎరుగును. ఎప్పుడొచ్చినా అక్కడే నిలబడి ఉంటాడు. ఆమెను చూడగానే మగవాళ్లను జరిపి దారి ఇప్పిస్తాడు. ఆటో ఎక్కేదాకా చూస్తూనే ఉంటాడు. ఆ చూపంటేనే ఆమెకు చిరాకు.

"తాగని దినం గూడ నొస్తదా?" అని అడిగాడు.

ఆమె నవీన్ వైపు తిరిగి సీసాకు డబ్బులిచ్చింది.

"సీసాలు మార్చుడు కాదు బిడ్డా. వారం దినాలు బంద్ జెయ్యి. అయినా నొస్తే దవాఖానకు పో. ఒక్కదానివే ఓర్సుకోకు."

యామినికి ఒళ్లు మండింది. ఆయన వైపు చూడకుండా నవీన్‌కే చెప్పింది, ఈ మనిషి ఇంకోసారి ఇక్కడ కనబడితే పోలీసులకు చెబుతానని.

ముసలాయన భుజం మీది తువ్వాల సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు సీసా మూత తీయబోయి యామిని ఆగింది. తాగని రోజు నొస్తుందో లేదో ఆమెకే తెలియదు. తాగని రోజంటూ ఉంటే కదా.

వారం పాటు ముట్టలేదు. తల నొస్తూనే ఉంది. చివరికి బ్యాంకులో కూర్చుని ఉండగానే కళ్లముందు అక్షరాలు అలుక్కుపోయాయి.

దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసింది. నమ్మలేక మళ్లీ చూసింది. కదలొద్దని మంచం మీద పడుకోబెట్టింది. వైన్ వల్లే అనుకుంటూ ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తే మెదడులో నరం చిట్లి ఉండేదని తర్వాత చెప్పింది.

మందులతో తల తేలికపడ్డాక యామిని మళ్లీ వైన్స్‌కు వెళ్లింది. కొనడానికి కాదు.

పెద్దాయన లేడు. పేరు కిష్టయ్య అని నవీన్ చెప్పాడు. ఆమె ఫిర్యాదు చేసిన రోజే ఓనర్ ఆయన్ని రావద్దన్నాడట. గది ఖాళీ చేసి పాన్‌గల్ దిక్కు వెళ్లిపోయాడట. ఊరేదో ఎవరికీ తెలియదు. ఫోన్ కూడా లేదు.

ఆయనతో కలిసి తాగే వాళ్లెవరికైనా తెలిసి ఉంటుందేమో కనుక్కోమని బతిమాలింది.

"ఆయన చుక్క గూడ ముట్టడు మేడం," అన్నాడు నవీన్. "మీ కన్నా ముందు ఇంకో మేడం గిట్లనే ఒక్కతే వచ్చి వైన్ తీస్కపోతుండె. తలనొప్పి తలనొప్పి అనుకుంటనే గదిల పానం ఇడిసింది. నొప్పి ఓర్వలేక ఆమె ఫోన్ జేస్తే, తాగితే నొయ్యదా అని కోపంల ఫోన్ పెట్టేసిన ఆమె నాయిన ఆయననే."